కేతిగాడు పిలిచిన పేర్లు

ఒకానొక రాజ్యంలో, కోట గంట ఉదయం ఏడు కొట్టే వేళకు, కొండుభొట్లు సభామండపం మెట్ల మీద కూర్చుని చెప్పులోని రాయి దులుపుకుంటున్నాడు. ఆయన ఆస్థాన విదూషకుడు. రాజుగారిని నవ్వించడం ఉద్యోగం. ఆ ఉదయం ఆయనకే నవ్వు రావడం లేదు. వరసగా మూడో ఏడు అదే మనవి చేయబోతున్నాడు.

ఆ రాజ్యంలో ఏటా లాటరీ వేసేవారు. ఊరూరా జనం రూకకొక చీటీ కొనేవారు. బహుమతి పోగా మిగిలిన సొమ్ము నాలుగు సీమల కళాకారులకు చెందాలని కట్టుబాటు. చెందేది రాజధానికే. మర్దనదేవ మహారాజు దానితో తన నాట్యశాలకు పాలరాతి స్తంభాలు నిలబెట్టించారు. దక్షిణపు సీమలో తోలుబొమ్మలాడించే నారోజీకి చిల్లిగవ్వ చేరలేదు. అతని బొమ్మలు పెళుసెక్కి విరుగుతున్నాయి. ఈ ఏడూ ఏమీ రాకపోతే వాటిని అటకెక్కించి కూలికి పోతానని కబురంపాడు.

కొండుభొట్లు ఆ సంగతి విన్నవించాడు. రాజుగారు ఆవలించి, దాత తానేననీ, దాత ఇష్టమే ఇష్టమనీ సెలవిచ్చారు. లాటరీ తీసే రోజున మైదానంలో నారోజీ ఆట పెట్టించమన్నారు. తనను పొగిడే తీరును బట్టి సొమ్ము సంగతి చూద్దామన్నారు.

"దాత పేరు పలికేదాకా తెర మీదికి బొమ్మ రాకూడదు."

"పేరు తప్పితే?"

"బొమ్మలు జప్తు."

"ఆ మాట దండోరా వేయించండి ప్రభూ. నేను చెబితే వేళాకోళమనుకుంటారు."

వేయించారు.

ఆ రోజు నాలుగు సీమల జనమూ వచ్చారు. చీకటి పడగానే తెర వెనుక దీపాలు వెలిగాయి. ఆట మధ్య ఎవరైనా డబ్బు చదివిస్తే, వారి పేరు పిలిచి, మద్దెల మోగించి దీవించడం బొమ్మలాటవాళ్ల ఆచారం. నారోజీ బొమ్మను ఎత్తలేదు. తానే తెర ముందుకొచ్చి, హాస్యపు బొమ్మ కేతిగాడి గొంతుతో, చీటీ కొన్న దాతలంతా పేర్లు చెప్పాలని కోరాడు. రాలేనివారి పేర్లు పొరుగువారు అందించారు.

"గానుగ పేరయ్య, ఒక రూక!" మద్దెల మోగింది. "గాజుల చెన్నమ్మ, రెండు రూకలు! నీ ఇల్లు చల్లగుండ తల్లీ!"

"మూడేళ్లుగా కొంటున్నా. దీవెనకి ఇప్పుడా తీరింది నాయనా?" అంది చెన్నమ్మ. జనం నవ్వారు.

పేర్లు సాగాయి. రాజుగారి భోజనవేళ దాటింది. ఆయన పక్కనున్న కొండుభొట్లు వైపు వంగారు.

"నా పేరెప్పుడయ్యా?"

"తమరు చీటీ కొన్నారా ప్రభూ?"

"నేను కొనడమేమిటి? సొమ్మిచ్చే చెయ్యి నాది కాదూ?"

"ప్రసాదం పూజారి చేత్తోనే పెడతాడు ప్రభూ. బియ్యం ఊరివాళ్లవి."

"ఇక చాలు, ఆట మొదలెట్టమను."

"మిగిలిన దాతల పేర్లు తప్పిపోతాయి. బొమ్మలు జప్తవుతాయి. దండోరా తమదే."

రాజుగారు జనం వంక కాసేపు చూశారు. పేరు వినిపించినవాళ్లు కూడా కదలకుండా, పక్కవాడి పేరు కోసం చూస్తున్నారు. ఆయన అలసటగా నవ్వడం మొదలుపెట్టి, నవ్వు ఆపుకోలేకపోయారు.

"నాకూ ఒక చీటీ ఇప్పించు. ఆకలేస్తోంది."

అందరికంటే చివర ఆయన వంతు వచ్చింది. "కోటవీధి మర్దనదేవుడు, ఒక రూక!" మద్దెల అందరికీ మోగినంతే మోగింది. అప్పుడు బొమ్మలు తెరకెక్కాయి.

ఆట ముగిశాక రాజుగారు తన శాలువా కొండుభొట్లుకు కప్పి, ఇకమీదట ఏ సీమ చీటీల సొమ్ము ఆ సీమ కళాకారులకే పంపాలని ఆజ్ఞాపించారు. కొండుభొట్లు శాలువా మడిచి తలకింద పెట్టుకుని అక్కడే నిద్రపోయాడు.

కొన్నాళ్ల తర్వాత, నారోజీకి కొత్త తోళ్లు చేరాక, కోశాధికారి ఒక సంగతి గమనించాడు. ఆ రాత్రి బహుమతి చీటీ తీయడం అందరూ మరిచిపోయారు. అడగడానికి ఒక్కరూ రాలేదు.