కంటకయ్య కొరికిన ఎముక

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు ఒడ్డున ఒక బొరియ. ఆ బొరియలో కంటకయ్య అనే ముళ్లపంది ఒక్కడే ఉండేవాడు. ముళ్లపందులు పళ్లు అరగదీసుకోవడానికి ఎముకలు కొరుకుతాయి పిల్లలూ. కొరికి కొరికి కంటకయ్యకు ఎముకల సంగతి కొట్టినపిండి అయిపోయింది. ఏది దుప్పిదో, ఏది అడవిపందిదో ఇట్టే చెప్పేవాడు. ఒక్కనాడూ తప్పు చెప్పలేదు. కానీ ఎవరు ఏం మాట్లాడినా "నువ్వు చూశావా?" అని అడ్డు తగిలేవాడు. దాంతో ఒక్కొక్కరే అటు రావడం మానేశారు.

చివరికి మిగిలింది భద్రమ్మ అనే ముసలి ఏనుగు. వాళ్లమ్మ ఆ వాగు ఒడ్డునే చనిపోయింది. భద్రమ్మ రోజూ పొద్దు వాలేవేళకు వచ్చి, అమ్మ ఎముకలను తొండంతో నిమిరేది. "అమ్మా, ఇవాళ వెదురు చిగుళ్లు దొరికాయి. మోకాలినొప్పి కాస్త తగ్గింది" అని చెప్పుకునేది. పోతూ పోతూ కంటకయ్యనూ పలకరించేది.

"ఏం తమ్ముడూ, తిన్నావా?"

ఆ ఒక్క మాట కోసం కంటకయ్య మధ్యాహ్నం నుంచే బొరియ బయట కూర్చునేవాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. అయినా నోరు ఊరుకుంటుందా?

ఒకరోజు అడిగాడు. "అక్కా, ఎముకకు చెవులుంటాయా?"

"ఉండవు తమ్ముడూ."

మర్నాడు అడిగాడు. "పోనీ, కళ్లుంటాయా?"

"ఉండవు."

"మరి ఎవరితో మాట్లాడుతున్నావు?"

"అమ్మతో" అంది భద్రమ్మ.

కంటకయ్యకు ఒళ్లు మండింది. తనకు తెలిసినదాన్ని ఎవరైనా లెక్కచేయకపోతే వాడు తట్టుకోలేడు. ఆ మర్నాడు ఆమె వచ్చేలోగా పెద్ద తొడ ఎముకను కొరికి తెరిచి పెట్టాడు.

"చూడక్కా. లోపలంతా గుల్ల. మీ అమ్మ ఇందులో లేదు" అన్నాడు.

భద్రమ్మ తొండం ఆ పంటిగాట్ల మీద ఆగిపోయింది.

"లేదని నాకూ తెలుసు తమ్ముడూ. మరి ఎక్కడుంది?"

"ఎక్కడా లేదు."

"అదీ కొరికి చూశావా?"

కంటకయ్య తను తెరిచిన ఎముక వైపు చూశాడు.

"ఉందని నేను చూపించలేను. లేదని నువ్వూ చూపించలేవు" అంది భద్రమ్మ. "అమ్మతో నేను ఎక్కడైనా మాట్లాడుకుంటాను. ఈ గాట్లు చూస్తూ ఇక్కడికి మాత్రం రాలేను."

అన్నట్టుగానే మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. వానలు పడి వాగు పారింది. మళ్లీ ఎండింది. కంటకయ్య మాత్రం మధ్యాహ్నం నుంచే బయట కూర్చునేవాడు. ఎముకల గురించి వాడికి తెలియనిది లేదు. భద్రమ్మ ఎక్కడుందో, అసలు బతికుందో లేదో తెలియదు. తిన్నావా అని అడిగేవాళ్లు లేక వాడికి తిండి కూడా సహించేది కాదు.

ఒక సాయంత్రం కంటకయ్య చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. మెల్లగా ఆ తొడ ఎముక దగ్గరికి వెళ్లి ముక్కు ఆనించాడు.

"పెద్దమ్మా, అక్క ఇవాళ కూడా రాలేదు" అన్నాడు. "నా మీద కోపం ఉంటే ఉండనీ. తనకు మాత్రం ఏమీ కాకుండా చూడు."

ఎముకకు చెవులుండవని వాడికి తెలుసు. అయినా కాసేపు అక్కడే కూర్చున్నాడు.

నీతి: మనకు కనబడనంత మాత్రాన లేదని తేల్చేయకూడదు. అంతు తెలియని చోట ఎదుటివారి నమ్మకాన్ని గాయపరచకూడదు.