పైడమ్మ నింద

చీపురుపల్లిలో పిండిమర నడుపుకునే పైడమ్మకు ఏ చిన్న కీడు జరిగినా అది ఎవరో పనిగట్టుకుని చేసిందే అనిపించేది. మర బెల్టు తెగితే పొరుగువాళ్ల దిష్టి అనేది. బావిలో చేద పడిపోతే ముడి ఎవరు వదులు చేశారని ఆరా తీసేది. మనసు మాత్రం మంచిది. మర వెనక గోనెసంచుల మీద ఒక మచ్చల వీధికుక్క నాలుగు పిల్లల్ని పెడితే, తరిమేయకుండా తల్లికి రోజూ గంజన్నం పెట్టేది.

పిల్లలు కళ్లు తెరిచాయి, తప్పటడుగులు వేశాయి, పళ్లెంలో పాలు నాకడం నేర్చాయి. పైడమ్మ వాటిని చూసి మురిసిపోయేది. ఎదురింట్లో ఉండే ఆటో సింహాద్రికి మాత్రం వాటి కుయ్యికుయ్యిలకు నిద్ర పట్టేది కాదు. "అక్కా, నీ సంతానం నన్ను కునుకు తియ్యనివ్వడం లేదు," అని ఒకసారి విసుక్కున్నాడు. పైడమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది.

ఒకరోజు పొద్దున్నే ఆమె పాలు పోస్తే ఒక్క పిల్లా పళ్లెం దగ్గరికి రాలేదు. రెండు పిల్లలు తెల్లటి నురగ కక్కుకున్నాయి. అన్నిటికంటే చిన్నది తల వాల్చేసి పడుకుంది. పక్కనే రస్కు ముక్కలు కనిపించాయి. ముందురోజు సాయంత్రం సింహాద్రి వాటికి రస్కులు వెయ్యడం ఆమె చూసింది. అంతే, కొంగు బిగించి వీధిలోకి వచ్చింది.

"ఒరే సింహాద్రీ! బయటికి రా! నోరులేని పిల్లలకు విషం పెట్టడానికి నీకు చేతులెలా వచ్చాయిరా?"

సింహాద్రి నిర్ఘాంతపోయాడు. "విషమేంటక్కా? మా పాప తినగా మిగిలిన రస్కులవి. అసలేమైంది వాటికి?"

"ఏమైందో నీకే తెలియాలి!"

"సరే, తర్వాత తిడుదువుగాని. ముందు పశువుల ఆసుపత్రికి పోదాం పద, ఆటో తీస్తాను."

"చేసిందంతా చేసి ఆటో ఎక్కమంటావా? ముందు తప్పు ఒప్పుకో!"

జనం పోగయ్యారు. పైడమ్మ పెద్దమనుషులను పిలిపించింది. జరిగింది ఒకరికి చెప్పి, ఇంకొకరికి మళ్లీ మొదటినుంచి చెప్పింది. సింహాద్రి భార్య ఏడుస్తూ బిడ్డ తల మీద చెయ్యి వేసి ప్రమాణం చేసింది. అయినా పైడమ్మ నమ్మలేదు. ఎండ చురుక్కుమనే దాకా వీధి వీధంతా ఆ గొడవే.

గొంతు ఎండిపోయి మంచినీళ్లకని మర వెనక్కి వెళ్లేసరికి ఆ చిన్న కుక్కపిల్ల చల్లబడిపోయి ఉంది. తల్లికుక్క దాన్ని ఇంకా నాకుతూనే ఉంది. పైడమ్మ మిగిలిన మూడింటినీ బుట్టలో వేసుకుని బయటికి పరుగెత్తింది. సింహాద్రి వెంటనే ఆటో తీశాడు.

డాక్టరు ఒక పిల్ల పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. ఉబ్బిన పొట్ట తడిమాడు. అంతలో ఆ పిల్ల మళ్లీ కక్కింది. నురగతో పాటు దారంలాంటి తెల్లటి పురుగులు బయటపడ్డాయి.

"ఏలికపాములమ్మా ఇవి. తల్లి నుంచే పిల్లలకు వస్తాయి. పుట్టిన రెండు మూడు వారాలకే పురుగులు పోయే నట్టల మందు పట్టించి ఉండాల్సింది."

"అయితే విషం కాదా బాబూ?" అంది పైడమ్మ.

"విషమెవరు పెడతారు? ఎప్పటినుంచి కక్కుతున్నాయి?"

"తెల్లారినప్పటినుంచి. ఒకటి పోయింది కూడా."

"మరి ఇంతసేపూ ఏం చేస్తున్నారు? ఇంత చిన్న పిల్లలు తిండి మానేసి వాంతులు చేసుకుంటే ఒంట్లో నీరు ఇట్టే ఇంకిపోతుంది. పొద్దున్నే తెస్తే అదీ బతికేదేమో కదా."

పైడమ్మ కొంగుతో పిల్ల మూతి తుడిచింది. సింహాద్రే అందుకుని, "ఇవైనా దక్కుతాయా డాక్టరుగారూ?" అని అడిగాడు.

సెలైను ఎక్కించారు. పిల్లలు కాస్త తేరుకున్నాక నట్టల మందు పట్టించారు. మర్నాటికి మూడూ లేచి పలచటి గంజి నాకాయి.

ఆ సాయంత్రం పైడమ్మ వీధి మధ్య నిలబడి, అందరికీ వినబడేలా, "సింహాద్రి ఏ పాపమూ ఎరగడు. తప్పు నాది. నన్ను క్షమించు తమ్ముడూ," అంది.

"నన్నన్న మాటలు నేనెప్పుడో మరిచిపోయానక్కా," అన్నాడు సింహాద్రి. "ఆ చిన్నది పోయిందే, అదే బాధ."



ఆపద వచ్చినప్పుడు అది ఎవరివల్ల వచ్చిందని వెతికే ముందు ఎలా గట్టెక్కాలో వెతకాలి; అనుమానంతో పోగొట్టుకున్న సమయం క్షమాపణ చెప్పినా తిరిగి రాదు.