బంతిలో దాటేసిన ఆకు

మెట్ట ఎక్కువా, నీళ్ళు తక్కువా అయిన ఒకానొక రాజ్యంలో ప్రచండవర్మ అనే రాజు ఉండేవాడు. ఆ రాజ్యం పేరు తుమ్మలదుర్గం. రాజు చెడ్డవాడని నేననను. కానీ గొప్పల పిచ్చి. తన మీసం గొప్ప, తన ఏనుగు గొప్ప, తను తినే సన్నబియ్యం అన్నం మరీ గొప్ప.

ఆ పిచ్చి ఎంత దూరం పోయిందంటే, ఒకనాడు నిండు సభలో ఇలా ఆజ్ఞ వేశాడు.

"మా రాజ్యంలో కొర్రలు తినేవాళ్ళున్నారంటే మాకు తలవంపులు. అది పశువుల మేత. ఈ ఏరువాక నుంచి మెట్టలో కూడా వరే వెయ్యాలి. వెయ్యనివాడి పొలం ఖజానాకు పోతుంది."

మెట్టలో వరి! దున్నినవాడికి తెలుస్తుంది అదెంత మాటో. అక్కడ బావుల్లో నీళ్ళు తాగడానికే చాలవు. వరి వేస్తే ఎండుతుంది. వెయ్యకపోతే పొలం పోతుంది. మెట్ట ఊళ్ళలో ఎవరికీ నిద్ర లేదు.

చివరికి ఓబన్న అనే పెద్దకాపు నలుగురినీ వెంటబెట్టుకుని సభకు వచ్చాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మారాజా, మా తాతలు కొర్రలే తిన్నారు. రెండు వానలు పడితే ఆ పంట పండుతుంది. వరికి మా దగ్గర నీళ్ళేవి సామీ?"

"నీళ్ళు లేకపోతే తవ్వుకోండి" అన్నాడు రాజు.

అక్కడ రాజవైద్యుడొకడు ఉన్నాడు. అతని పేరు చెప్పను. చెప్పుకునేంత మంచి ఎవరికీ చెయ్యలేదు. ఎవరూ అడక్కుండానే లేచి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"మహాప్రభూ, కొర్రలు ఒంటికి చాలా మంచివి. తమరికి ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం. భోజనం కాగానే కునుకు. పొట్ట చూస్తే..."

"పొట్ట మాట ఎత్తావంటే నాలుక కోయిస్తాను!" అని రాజు అరిచాడు. "వినేకొద్దీ నాకు ఆ కొర్రల మీద ఇంకా రోత పుడుతోంది. నా బంతిలో నేను నోరు తెరిచి ఆ అన్నం వడ్డించమని అడిగిన రోజున ఈ ఆజ్ఞ రద్దు చేస్తాను. పొండి!"

సభలో కొండప్ప అనే ఆయన ఉండేవాడు. మాటలతో రాజును నవ్వించడం ఆయన కొలువు. కొలువులో ఆయనంటే పడనివాళ్ళు చాలామంది. ఎందుకు పడదంటే, ఆయన మాట తగలవలసిన చోటే తగిలేది. ఆయన చటుక్కున లేచాడు.

"ప్రభూ, ఆ మాట మాటేనా?"

"రాజు మాటకు రెండో మాట ఉంటుందా?"

"అయితే నేను అడిగిస్తాను."

రాజు పకపకా నవ్వాడు. "నువ్వా? సరే. ఏరువాకలోపు అడిగించు. లేకపోతే నీ కొలువు ఊడుతుంది, వీళ్ళ పొలాలూ పోతాయి. సరేనా?"

"సరే ప్రభూ."

బయటికి రాగానే ఓబన్న కొండప్ప దారికి అడ్డం నిలబడ్డాడు.

"ఏం సామీ, మా పొలాలు పెట్టి నువ్వు పందెం ఆడతావా? నీకు పోయేది కొలువు. మాకు పోయేది కూడు."

"తర్వాత కోప్పడుదువుగానీ, ఒకటి చెప్పు ఓబన్నా. మీ ఇంట్లో పిల్లలు ఆకుకూర తింటారా?"

"తినమంటే తినరు. ముక్కు మూసుకుంటారు."

"మరి పక్కింట్లో పెడితే?"

ఓబన్న కాస్త ఆలోచించాడు. "పక్కింట్లోనా? గిన్నె నాకి వస్తారు దొంగవెధవలు."

"రాజు కూడా ఒక తల్లి కన్న బిడ్డేనయ్యా. ఇక నువ్వు పోయి మీ ఆవిణ్ణి పంపించు. మంచి కొర్రలు తెమ్మను."

అదే వారంలో పొరుగు రాజు పంపిన రాయబారి తుమ్మలదుర్గం వచ్చాడు. పెద్ద విందు. వడ్డన నేనే చూసుకుంటానని కొండప్ప నడుముకు పైపంచె బిగించాడు. ఓబన్న భార్య లక్కమ్మ వంటశాలలో ఒక మూల పొయ్యి పెట్టింది. కొర్రలు నానబెట్టకుండా వండితే పంటికింద ఇసుక తగిలినట్టుంటాయి. రాజుగారి వంటవాళ్ళకు అది తెలియదు. చెప్పినా వినరు, అలాంటివాళ్ళని చూశాను. లక్కమ్మ వాళ్ళనెవరినీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

విందులో అందరూ బంతిగా కూర్చున్నారు. ఆకుల్లో ఉప్పూ ఊరగాయా తప్ప ఏమీ లేవు. ముందుగా ఆస్థాన పండితుడు రాజుగారి పొగడ్త చదవాలన్నాడు కొండప్ప. పండితుడికి ఇంకేం కావాలి? మీసం మీద కొంత, ఏనుగు మీద కొంత, చదువుతూనే ఉన్నాడు. పొగడ్తంటే చెవి కోసుకునే రాజుకు కూడా కడుపులో ఎలుకలు పరుగెత్తాయి.

అప్పుడు వచ్చింది వెండి గిన్నె. పైన పట్టుగుడ్డ. గుడ్డ తియ్యగానే పసుపుపచ్చని అన్నం, పొగలు, కమ్మని నేతి వాసన. వెనకాలే గోంగూర.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బంతిలో ఒక ఆకులో వేసి పక్క ఆకు దాటెయ్యడమంటే అంతకు మించిన అవమానం లేదు. పెళ్ళిలో అప్పడం దాటేశారని ఏళ్ళ తరబడి మాటలు మానేసినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళది తప్పని నేననను.

కొండప్ప రాయబారి ఆకులో వడ్డించాడు. రాజు ఆకు దాటేశాడు! మంత్రి ఆకులో వడ్డించాడు. బంతి చివరిదాకా వడ్డించుకుంటూ పోయాడు.

"ఏయ్, కొండప్పా!"

"తమరికి సన్నబియ్యం వారుస్తున్నారు ప్రభూ. కాస్త ఓపిక పట్టండి."

ఆ రాజ్యంలో తొలిముద్ద అతిథిది. రాయబారి గోంగూర కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"అబ్బ! ఏమిటిది మహారాజా? ఊరూరా సన్నన్నం తిని తిని నా కడుపు బండబారిపోయింది. ఇది హాయిగా దిగిపోతోంది. ఏం పేరు దీనికి?"

"మెట్ట పసిడి అంటామండీ" అన్నాడు కొండప్ప.

"ఇంకాస్త వెయ్యండి!"

మంత్రి కూడా ఇంకాస్త అన్నాడు. పండితుడైతే మాట్లాడటం మానేసి తింటున్నాడు, అదొక వింత. రాజు కళ్ళు తన ఆకు మీద లేవు. రాయబారి ఆకు నుంచి మంత్రి ఆకుకూ, అక్కణ్ణించి మళ్ళీ రాయబారి ఆకుకూ తిరుగుతున్నాయి. గుటక మింగాడు.

కొండప్ప రెండోసారి వచ్చాడు. మళ్ళీ రాజు ఆకు దాటేశాడు.

రాయబారి నవ్వాడు. "అదేమండీ, ఇంటి యజమాని ఆకునే దాటేస్తున్నారు? మీ దేశంలో ఇదేం మర్యాద?"

రాజు మొహం కందగడ్డ అయింది. "కొండప్పా! అది నాకూ వడ్డించు!"

కొండప్ప గిన్నెతో వంగి, రాజు చెవిలో మెల్లగా అన్నాడు.

"ప్రభూ, ఇది కొర్రన్నం. తమరు పశువుల మేత అన్నదే. ఆ సంగతి రాయబారిగారికి కూడా చెప్పేసి గిన్నె లోపలికి పంపించమంటారా?"

రాజు ఇరుకున పడ్డాడు. తిననంటే అతిథికి మేత పెట్టినట్టు. తింటే పందెం పోయినట్టు. పోవడానికి ఇంకేముంది, అడగనే అడిగాడు! అటు రాయబారి చూస్తున్నాడు.

"వడ్డించు" అన్నాడు పళ్ళు కొరుకుతూ. "నిండుగా వడ్డించు!"

మొదటి ముద్ద మందు మింగినట్టు మింగాడు. రెండో ముద్దకు గోంగూర తగిలింది. మూడో ముద్ద నుంచి ఎవరివంకా చూడలేదు. సన్నబియ్యం అన్నం వచ్చేసరికి ఆకులో చోటు లేదు, కడుపులోనూ లేదు. చాలా రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం రాజుగారికి కునుకు రాలేదు.

రాయబారి విడిదికి వెళ్ళాక రాజు కొండప్పనూ, ఓబన్ననూ, లక్కమ్మనూ పిలిపించాడు.

"కొండప్పా, నన్ను మోసం చేశావు."

"మోసమెక్కడ ప్రభూ? తమరి ఆకులో నేనేం వేశాను? వెయ్యకపోవడమే కదా నా నేరం!"

రాజు ఒక్క క్షణం ఉరిమి చూశాడు. తర్వాత మీసం అదిరింది, ఆ వెనకే పొట్ట అదిరింది. నవ్వు ఆగలేదు.

"గెలిచావు పో! ఆజ్ఞ రద్దు. మీ పొలాలు మీవి, ఓబన్నా. అంతే కాదు, రేపటినుంచి రాజ్యంలో అందరూ కొర్రలే తినాలని దండోరా వేయిస్తాను!"

కొండప్ప గబుక్కున ఆయన కాళ్ళు పట్టుకున్నాడు.

"అంత పని చెయ్యకండి ప్రభూ! దండోరా వేస్తే ఎల్లుండికల్లా అందరూ మానేస్తారు. తమరు తినండి, చాలు. భోజనశాల కిటికీలు మాత్రం తీయించి తినండి."

రాజు ఇంకా నవ్వి, తన భుజం మీది జరీ శాలువా తీసి కొండప్పకు కప్పాడు. తర్వాత లక్కమ్మ వైపు తిరిగాడు.

"నీకేం కావాలమ్మా? అడుగు."

లక్కమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఓబన్న వద్దని కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాడు. ఆమె వినలేదు.

"నాకేం వద్దు సామీ. ఆ సన్నబియ్యం అన్నం ఎవరూ ముట్టలేదంట కదా. నేను పుట్టి ఎరగను. కాస్త పెట్టిస్తే..."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. అక్కడే ఆకు వేయించి, తన చేత్తోనే వడ్డించాడు.

లక్కమ్మ ఒక ముద్ద తిన్నది. ఇంకో ముద్ద తిన్నది. అందరూ ఆమె మొహమే చూస్తున్నారు.

"మెత్తగానే ఉంది సామీ" అన్నది. "అయినా, ఇంత గొప్పగా చెప్పుకునేది దీన్నేనా?"