పడగలమెట్ట పట్టుపటం

ఎర్రనేల మైదానం మధ్య ఒంటిగా నిలిచిన రాతిగుట్ట పడగలమెట్ట. దానిపై వెలసిన స్వామి చెన్నకేశవుడు. గర్భాలయానికి ఎడమవైపున కిటికీలు లేని చిన్న గది ఉంది. ధ్వజస్తంభంపై ఎగిరే గరుడపటమూ, ఊరేగింపులో స్వామి ముందు నడిచే పట్టు పడగలూ ఆ గదిలోనే ఉంటాయి. పడగ అంటే జెండా. మెట్టకు ఆ పేరు వాటివల్లనే వచ్చింది. భక్తులు ముందుగా ఈ గది గడపకు మొక్కి, ఆ తరువాతే స్వామిని దర్శిస్తారు.

పూర్వం ఇక్కడ, మెట్ట దిగువన, ఒక సాలెల ఊరు ఉండేది. ఆ ఊరి నాంచారమ్మ, ఆమె భర్త ఓబళయ్య కలిసి స్వామి ధ్వజస్తంభానికి పసుపుపచ్చని పట్టుపటం నేశారు. అది మగ్గం దిగిన ఏడే ఓబళయ్య జ్వరంతో కన్నుమూశాడు. వారికి పిల్లలు లేరు. పటాల సంరక్షణ నాంచారమ్మ చేతికి వచ్చింది.

తరువాత కొన్నేళ్లు వానలు లేవు. బావులు ఎండాయి. ఊరివారందరూ నీళ్లున్న ఏటిదేశానికి బండ్లు కట్టారు. అర్చకులు తిరువెంగళాచార్యులు ఉత్సవమూర్తిని ఒడిలో పెట్టుకొని, "పటాలు మూటకట్టి తీసుకురా తల్లీ, పోదాం" అన్నారు.

"మూటకడితే పట్టు మడతల దగ్గర చిట్లిపోతుంది స్వామీ. మూలవిరాట్టు ఇక్కడే ఉన్నాడు కదా, నేనూ ఉంటాను" అని నాంచారమ్మ బదులు చెప్పింది. ఎవరెంత బతిమాలినా కదలలేదు.

మెట్ట మీది రాతి దోనలో ఊరే కాసిన్ని నీళ్లు, ఊరివారు వదిలివెళ్లిన జొన్నలు, అడవి గడ్డలు ఆమెకు ఆధారమయ్యాయి. పట్టు కదలకుండా పడి ఉంటే పురుగు పడుతుంది. అందుకని అప్పుడప్పుడు చేతులు కడిగి, తడి ఆరాక, పటాన్ని మంటపం నీడలో విప్పేది. ఎండ తగలనిచ్చేది కాదు. తరువాత కర్రకు చుట్టి, ఉతికిన నూలుగుడ్డ కప్పి, చుట్టూ వసకొమ్ములు, ఎండిన వేపాకు పెట్టేది. పటం వెడల్పైనది, ఇద్దరు పట్టుకుంటేగాని ముడతలు లేకుండా చుట్టుకోదు. ఓబళయ్య ఉన్నప్పుడు రెండో కొస ఆయన పట్టేవాడు. ఇప్పుడు దానిని మంటపం స్తంభానికి కట్టుకునేది.

మాట్లాడే మనిషి లేక ఆమె గొంతు బొంగురుపోయింది. ఒకనాడు పటం అంచున పురుగు కొట్టిన చిల్లు కనబడింది. ఎవరికోసం ఇదంతా అనిపించింది. ఆ చిల్లును దారంతో కుట్టి, చీర మూటకట్టుకొని, పోవడానికే సిద్ధపడి, ఎండ తగ్గేదాకా మంటపంలో ఒరిగింది. స్వామి కలలోకి వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు.

"నేనూ ఒంటరినే నాంచారమ్మా. నీవు పట్టు విప్పే చప్పుడు వినబడిన రోజు నాకు తోడున్నట్టుంటుంది" అన్నాడు.

ఆమె లేచి మూట విప్పింది.

ఆ ఏడు వాన కురిసింది. దోన నిండింది. అయినా ఎవరూ రాలేదు, వాన పడిందని వారికి తెలియదు. చైత్రంలో ఉత్సవ తిథి వచ్చింది. ధ్వజం ఎత్తే అధికారం అర్చకులది. నాంచారమ్మ చాలాసేపు గడప దగ్గర నిలబడి, చివరికి పటాన్ని తానే తాడుకు కట్టి పైకి లాగింది. దూరాన గొర్రెలు తోలుకుపోతున్న కాపరి ఆ పసుపుపచ్చని పటాన్ని చూసి, వాన పడిందనీ, మెట్ట మీద ధ్వజం లేచిందనీ ఏటిదేశంలో కబురు చెప్పాడు.

కొన్ని బండ్లు తిరిగివచ్చాయి. ఆచార్యులవారు ఏటిదేశంలోనే పరమపదించారు. వచ్చినది ఆయన కుమారుడు. ఆమె ఎరిగిన ముఖాలు ఒకటి రెండే.

"తప్పు చేశాను బాబూ, నేనే ఎత్తాను" అంది నాంచారమ్మ.

"నీవు ఎత్తబట్టే మాకు తిరిగివచ్చే దారి దొరికిందమ్మా" అని ఆయన ఆమె పాదాలకు నమస్కరించాడు. ఆమె కడదాకా ఆ గది దగ్గరే ఉండి, స్వామిలో ఐక్యమైంది.

నేటికీ కార్తిక మాసం వెళ్లాక పటాలను నీడలో విప్పి, గాలి తగలనిచ్చి, తిరిగి చుట్టే సేవ జరుగుతుంది. పటం కొస పట్టుకునే భాగ్యం ఇంట్లో ఒంటరిగా ఉండేవారికే దక్కుతుంది. రెండో కొసను మనుషులెవరూ పట్టుకోరు, నాంచారమ్మ కట్టినట్టే స్తంభానికి కడతారు. సేవ చేసినవారు ఇంటికి వెళ్లి తలుపు తీసినప్పుడు ఆ ఇల్లు ఖాళీగా అనిపించదని చెబుతారు.