మూడోసారి పోసిన నీళ్ళు

అనగనగా ఒక అడవి ఉండేది పిల్లలూ. ఆ అడవిలో నేలంతా ఒక్క తీరుగా ఉండేది కాదు. వాగు ఒడ్డున ఇసుక, పల్లంలో నల్లరేగడి, మిట్ట మీద ఇసుకా బంకమట్టీ కలిసిన ఎర్ర గరపనేల.

అక్కడ మాణిక్యం అనే ఏదుపంది ఉండేది. బొరియ తవ్వాలన్నా, పాదులు వెయ్యాలన్నా అందరూ ఆమెనే పిలిచేవారు. పిలిచిన వెంటనే మాణిక్యం తవ్వేసేది కాదు. ముందు మూరెడు లోతు గుంత తీసేది. అందులో ఏనుగు చేత మూడుసార్లు నీళ్ళు పోయించేది. ఒక దుంపగడ్డ నములుతూ పక్కనే కూర్చుని, ఆ నీళ్ళు ఎంతసేపటికి ఇంకుతాయో చూసేది. "ఇది మా అమ్మమ్మ నేర్పిన పద్ధతి!" అని గొప్పగా చెప్పుకునేది. ఆ గొప్ప ఊరికే రాలేదు మరి. ఆమె తవ్విన బొరియ ఒక్కటీ ఇంతవరకూ కూలలేదు.

ఆ అడవికి రాజు పెద్దపులి గాండ్రయ్య. అతని భార్య నిండు చూలాలు. వానలు పడేలోగా రాతి ఇల్లు కట్టాలి. ఇంటి మురుగు ఇంకడానికి ఒక గుంత, పక్కన చిన్న తోట కూడా కావాలి.

ఎలుగుబంటి బూచయ్య పల్లంలోని నల్లరేగడి చూపించాడు. "ఇక్కడ జొన్న నిలువెత్తు పెరుగుతుంది దొరా. ఎండకు ఎలా బిగిసిందో చూడండి, అచ్చం రాయే! ఇంత పంటను మోసే నేల మీ ఇంటిని మొయ్యదా?"

"మొయ్యదు దొరా," అంది మాణిక్యం. "ఈ నేల ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. గోడ కడితే పగులుతుంది. నేను తవ్వను."

గాండ్రయ్య గుర్రుమన్నాడు. "నా ముందే ఎదురు మాటా? రుజువు చూపించు. లేదంటే ఈ అడవి వదిలి పో!"

పుట్టి పెరిగిన అడవిని వదిలి మాణిక్యం ఎక్కడికి పోతుంది? కానీ పగిలే ఇంట్లో బాలింతను ఎలా పడుకోబెడుతుంది? ఆమె మాట వెనక్కి తీసుకోలేదు. మూరెడు గుంత తీసింది. బూచయ్య చేత గుంత అంచున ఒక బండరాయి పెట్టించింది.

"ఇదే దొరగారి గోడ అనుకో అన్నా," అంది.

ఏనుగు తొండంతో నీళ్ళు పోసింది. అవి గుటుక్కున ఇంకిపోయాయి. బూచయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"చూశారా దొరా! మురుగు గుంతకు ఇంతకన్నా మంచి నేల దొరుకుతుందా? మాణిక్యమ్మను మూట సర్దుకోమనండి!"

కోతులు కిచకిచలాడాయి. మాణిక్యం ముఖం చిన్నబోయింది. అయినా గడ్డ నమలడం మాత్రం మానలేదు.

"అవి నేల తాగిన నీళ్ళు కావు, నెర్రెల్లోకి జారిన నీళ్ళు. మళ్ళీ పొయ్యి మామా," అంది ఏనుగుతో.

రెండోసారి పోసిన నీళ్ళు మెల్లగా ఇంకాయి. మూడోసారి పోసినవి కదలనేలేదు. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే నీళ్ళు అలాగే ఉన్నాయి. నెర్రెలు మూసుకుపోయాయి. మట్టి ఉబ్బి, బండరాయి ఒక పక్కకు ఒరిగిపోయింది.

"గుంతెడు నీళ్ళకే ఇలా ఒరిగితే, మృగశిర వానలకు తమ ఇల్లు ఏమవుతుంది దొరా?" అంది మాణిక్యం.

బూచయ్య తల గోక్కున్నాడు. "పోనీ, మురుగు గుంత ఒక్కటీ వాగు ఒడ్డున ఇసుకలో తీద్దాం. నీళ్ళు ఇట్టే దిగిపోతాయి."

"దిగిపోయి ఎక్కడికి పోతాయో కూడా చూడాలిగా!" అంది మాణిక్యం.

ఇసుకలో గుంత తీసి, మోదుగుపూలు నానబెట్టిన నీళ్ళు పోయించింది. అవి క్షణంలో మాయమయ్యాయి. కాసేపటికే, నాలుగడుగుల దిగువన, అందరూ నీళ్ళు తాగే చెలమ ఎర్రబడింది. తాగబోతున్న లేళ్ళు బెదిరి వెనక్కి దూకాయి.

"ఇవి పూలనీళ్ళు కాబట్టి సరిపోయింది, అదే మురుగైతే?" అంది మాణిక్యం.

చివరికి మిట్ట మీద ఎర్ర గరపనేలలో గుంత తీసింది. మూడుసార్లూ ఒక్కలాగే, తను గడ్డ నమిలి ముగించే వేళకు నీళ్ళు నెమ్మదిగా ఇంకాయి. అంచున పెట్టిన రాయి కదల్లేదు.

"ఇల్లు ఇక్కడ కట్టండి దొరా. మురుగు గుంత ఇంటికి దిగువన, చెలమకు దూరంగా తీద్దాం."

"అయితే నల్లరేగడి దేనికీ పనికిరాదన్నమాట," అన్నాడు గాండ్రయ్య.

మాణిక్యానికి కోపం వచ్చింది. "ఆ మాట అనకండి! తోట అక్కడే వెయ్యండి. అది ఇంటిని మొయ్యదు గానీ, ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతుంది."

అంతా ఆమె చెప్పినట్టే కట్టాక, మృగశిర వానలు దంచికొట్టాయి. పల్లంలో బూచయ్య మోకాళ్ళదాకా దిగబడ్డాడు. మిట్ట మీద గోడ బీట వారలేదు. పొడి నేల మీద పులి భార్య ముగ్గురు పిల్లల్ని కంది. కాయగూరల పాదులు పల్లమంతా పచ్చగా అల్లుకున్నాయి.

వాన వెలిశాక గాండ్రయ్య తనే నడిచి మాణిక్యం బొరియ దగ్గరికి వచ్చాడు.

"మాణిక్యమ్మా, నిన్ను పొమ్మన్న నోటితోనే అడుగుతున్నాను. నా పిల్లలకు నీ విద్య నేర్పు. రేపు రాజయ్యేవాడికి కాలికింద నేల సంగతి తెలియాలి."

మాణిక్యానికి గర్వంతో ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"తప్పకుండా నేర్పుతాను దొరా," అంది. "కాకపోతే, ముందు గుంత పక్కన నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకోవాలి."

అడవికి రాజు బుద్ధిగా తలూపాడు.

నీతి: ఏ నేల బలం దానిది, అదేమిటో తెలుసుకున్నాకే పని మొదలుపెట్టాలి, తెలిసిన నిజాన్ని రాజు ముందైనా చెప్పాలి.