పేరు లేని గాలం చక్రం

చక్రం మీద పేరు లేదు. లోవరాజుకి వచ్చిన చిక్కల్లా అదే.

అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, మరలు ఊడదీసి భూతద్దంతో మూలమూలా గాలించాడు. చేపలు పట్టే కర్రకి బిగించి, గాలం తాడు చుట్టుకునే ఇత్తడి చక్రం అది. అరచేతిలో ఇమిడిపోతుంది. వేలితో అలా అంటే చాలు, కిర్రుమంటూ తిరుగుతుంది, ఓ పట్టాన ఆగదు. అరవై ఏళ్ళ నాటి సరుకు. ఇంత పనిమంతుడు తన పేరు చెక్కుకోకుండా ఎలా ఊరుకున్నాడో లోవరాజుకి అంతుబట్టలేదు.

కాకినాడ జగన్నాథపురంలో వంతెన దిగగానే కాళహస్తాచారిగారి కొట్టు. గోడగడియారం నుంచి తాళంకప్ప దాకా, మూలబడిన వస్తువేదైనా అక్కడికి రావలసిందే. లోవరాజు నాలుగేళ్ళుగా ఆయన దగ్గర శిష్యరికం చేస్తున్నాడు. పనిలో చురుకు. ఆ చురుకుని మించి నోరు. ఈ సంగతి పేటంతా తెలుసు, అతనికి తప్ప.

చక్రాన్ని పంపింది ఊళ్ళోని బోటు క్లబ్బువాళ్ళు. పూర్వం ఎవరో దొర వాడుకుని వదిలేసిపోయాడట. మర్నాడు క్లబ్బు నూరేళ్ళ పండగ. దాన్ని అద్దాల బీరువాలో పెట్టి, పక్కన చేసినవాడి పేరు రాసిన అట్ట నిలబెడతారు. సాయంత్రం నాలుగింటికి బండి పంపిస్తాం, ఈలోగా పేరు తేల్చి అట్ట రాసి ఉంచండి అన్నారు. ఆచారిగారు ఆ పని లోవరాజుకి అప్పగించారు. ఇంత బాధ్యత అతని మీద పెట్టడం ఇదే మొదలు. ఇక చూడండి, మనవాడి కాలు నేలమీద నిలిస్తే ఒట్టు.

పొద్దున్నే ఒక ముసలమ్మ వచ్చింది. పేరు గంగరత్నం, డెబ్భై ఏళ్ళుంటాయి, క్లబ్బు వంటింట్లో పనిచేస్తుంది. పాత పెట్టెలోంచి చక్రం బయటపడగానే గుర్తుపట్టిందట. అది మా నాన్న చేసిందే బాబూ అంది. తండ్రి కంచరి పెంటయ్య, ఈ జగన్నాథపురం మనిషే. ఒక ఇత్తడి కార్ఖానాలో పనిచేసేవాడు. దొర ఇచ్చిన బొమ్మ చూసి ఈ చక్రాన్ని ఇంట్లో కూర్చుని చేస్తుంటే, పదేళ్ళ పిల్లగా తాను పక్కనే ఉండి చూసిందట. ఆయన బతికినంతకాలం ఎన్ని వస్తువులు చేశాడో లెక్క లేదు, ఒక్కదాని మీద కూడా పేరు లేదు. ఫొటో లేదు. ఆ అట్ట మీద నాన్న పేరొక్కటి రాస్తే చాలు, ఇంకేమీ వద్దంది.

లోవరాజు నవ్వాడు. మన కంచర్లు బిందెలూ గంగాళాలూ చేస్తారు గానీ ఇలాంటి నాజూకు పని సముద్రం మీద రావాల్సిందేనని పాఠం చెప్పాడు. రుజువేమైనా ఉందా అని అడిగాడు. ఆవిడ ఏదో చెప్పబోయి నోరు మూసుకుంది. వెళ్ళనూ లేదు, అరుగు మీద కూర్చుంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా, లోవరాజుకి ఆ పొరుగిల్లు సముద్రానికి అవతల ఉంది.

పదకొండింటికి అతని పంట పండింది. పాత విలాయతీ సామాన్ల పుస్తకం ఒకటి తిరగేస్తుంటే ఒక బొమ్మ కనబడింది. చక్రం తిప్పే పిడి అచ్చం ఇలాగే ఉంది. కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతాడు. ఆ కంపెనీ పేరు ఇంగ్లీషులో, కొమ్ములూ తోకలూ తిప్పి అట్టమీద రాసి, తీసుకెళ్ళి గురువుగారి ముందు పెట్టాడు.

ఆచారిగారు గడియారం తుడుస్తున్నారు. అట్ట చూశారు. చక్రం చూశారు. చక్రాన్ని కర్రకి బిగించే చిన్న ఇత్తడి పట్టీ ఒకటుంటుంది, దాన్ని విప్పి, పక్కన ఒక ఇత్తడి ముక్క పెట్టారు.

"ఇలాంటిది ఒకటి చెయ్యి."

"ఎందుకండీ? పేరు తేలిపోయింది కదండీ."

"నాలుగింటికి కదా బండి," అని ఆయన మళ్ళీ గడియారంలో తల పెట్టేశారు.

లోవరాజు మూతి ముడుచుకున్నాడు. ముడుచుకున్నా చెయ్యక తప్పదు. ముక్కని బల్ల మీది ఇనప వైసు దవడల్లో బిగించాడు, రంపంతో కోశాడు, ఆకురాయితో రుద్దాడు. గంటన్నర పట్టింది. అంతా అయ్యాక మాత్రం తన పనికి తానే మురిసిపోయాడు. ఏది పాతదో ఏది కొత్తదో రంగుని బట్టి చెప్పాల్సిందే. గురువుగారికి చూపించే ముందు ఒకసారి చూసుకుందామని రెండూ పక్కపక్కన పెట్టి భూతద్దం పట్టాడు.

పట్టినవాడు అలాగే ఉండిపోయాడు.

ఆకురాయి పెట్టి రుద్దితే సన్నని గీతలు పడతాయి. తన పట్టీ మీద గీతలన్నీ కుడివైపుకి వాలి ఉన్నాయి. పాతదాని మీదవి ఎడమవైపుకి వాలి ఉన్నాయి. తలకిందులుగా పెట్టానేమో అనుకుని తిప్పి చూశాడు. ఎన్నిసార్లు తిప్పినా ఆ వాలు మారలేదు. వైసుకి అవతలివైపు నిలబడి రుద్దాడు. మళ్ళీ కుడికే వాలాయి. ఏం తోచిందో ఏమో, ఆకురాయిని ఎడమచేతిలోకి మార్చాడు. పట్టు కుదరక వేళ్ళు గీరుకుపోయాయి. పోతే పోయాయి. ఊదుకుంటూ భూతద్దం పెడితే, వంకరో టింకరో, గీతలు ఎడమకి వాలాయి.

చక్రాన్ని పూర్తిగా విప్పేశాడు. పైపై మెరుగు తగలని లోపలి రేకులన్నీ ఒక్కొక్కటే చూశాడు. ప్రతి రేకు మీదా అదే వాలు. ఇన్నాళ్ళూ పేరు కోసం పైన వెతుకుతున్నాడు, ఆ మనిషేమో లోపల నిలబడి ఉన్నాడు.

"గురువుగారూ, వీడు పుర్రచేతివాడండీ!" అని పరిగెత్తుకెళ్ళి ఆయన చెవిలో ఊదాడు.

ఆచారిగారు తలెత్తలేదు. "ఎవడు?" అన్నారు.

లోవరాజు అట్ట మీద తాను రాసిన కంపెనీ పేరు వైపు చూశాడు. కంపెనీ అంటే వందలమంది. ఒక్కో రేకు ఒక్కో చేతి మీదుగా పోతుంది. అందరూ పుర్రచేతివాళ్ళే ఎలా అవుతారు? ఇది మొదటినుంచి చివరిదాకా ఒక్కడే, ఒక్కచోట కూర్చుని చేసిన పని. అతని చూపు అరుగు మీదికి వెళ్ళింది. పొద్దున నవ్విన నవ్వు గుర్తొచ్చి మొహం వేడెక్కింది.

వెళ్ళి ఆవిడకి ఒక మెట్టు కింద కూర్చున్నాడు. పుర్రచేతి సంగతి తాను అందిస్తే ఆవిడ ఔననేస్తుంది. అందుకని తిప్పి అడిగాడు.

"మీ నాన్నగారు అన్నం ఏ చేత్తో తినేవారమ్మా?"

గంగరత్నం మొహం పాలిపోయింది. ఎవరైనా విన్నారేమోనని వీధివైపు చూసింది. "కుడిచేత్తోనే బాబూ," అంది.

లోవరాజుకి ప్రాణం ఉసూరుమంది. లేవబోయాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది.

"చిన్నప్పుడు పుర్రచెయ్యి కంచంలో పెడుతున్నాడని మా నాయనమ్మ అరచేతిలో వాత పెట్టింది. అప్పట్నుంచి అన్నం కుడిచేత్తో తినేవాడు. పని మాత్రం ఆ వాత పడ్డ చేత్తోనే. తలుపేసుకుని చేసేవాడు నాయనా."

తరవాత గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. పూజలకీ పెళ్ళిళ్ళకీ వాడే సామాను ఎడమచేత్తో చేశారంటే ఎవరు కొంటారు? అందుకని కార్ఖానా యజమాని పెంటయ్యని ఇంటిదగ్గరే కూర్చుని చెయ్యమన్నాడు, దేనిమీదా గుర్తు వెయ్యవద్దన్నాడు. అంత పనిమంతుడూ ఆ మాటకి తలొంచాడు. పొద్దున రుజువేదని అడిగినప్పుడు ఆవిడ నోటిదాకా వచ్చి ఆగింది ఇదే. చచ్చిపోయిన తండ్రిని మళ్ళీ నలుగురిలో నవ్వులపాలు చెయ్యడమెందుకని ఊరుకుందట.

ఆయన చేసింది ఇంట్లో ఇంకేమైనా ఉందా అని లోవరాజు ఆత్రంగా అడిగాడు. మరచెంబు ఉందంది. వంతెన అవతల తన ఇల్లెక్కడో చెప్పి, కొంగున కట్టిన తాళంచెవి విప్పి ఇచ్చింది.

లోవరాజు ఎలా పరిగెత్తాడో చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. వంతెన మీద చేపలబుట్ట ఒకటి తన్నేసి బెస్తమ్మల చేత నానా తిట్లూ తిన్నాడు. ఆ తిట్లు చెవినెక్కితే కదా. మరచెంబుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి అదుముకుని వచ్చి, ఆయాసపడుతూనే మూత తిప్పి తీశాడు. మూత లోపలివైపు భూతద్దం పెట్టాడు. చక్రం పట్టీ తెచ్చి పక్కన పెట్టాడు.

అదే వాలు. అదే చెయ్యి.

నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియడం లేదు అతనికి. భూతద్దం ఆవిడ చేతికిచ్చి చూడమన్నాడు. ఆవిడకి చూపు ఆనలేదు. అద్దం పక్కన పెట్టి, ఆ గీతల మీద వేలితో మెల్లిగా నిమిరింది. పొద్దున అన్నమాటకి క్షమించమని లోవరాజు ఆవిడ కాళ్ళు పట్టుకున్నాడు. తప్పు నీది కాదులే, చెప్పనిదాన్ని నేనే అందావిడ.

మూడున్నర అయింది. లోవరాజు పాత అట్ట చింపేసి కొత్తది తీశాడు. ఈసారి తెలుగులో రాశాడు. చేసినవారు కంచరి పెంటయ్య, జగన్నాథపురం.

గంగరత్నం అట్టని మొహానికి దగ్గరగా పెట్టుకుని, కూడబలుక్కుంటూ తండ్రి పేరు చదివింది. రెండోసారి చదివింది. తరవాత అట్టని అతని ముందుకి తోసింది.

"పుర్రచేత్తో చేశాడని రాయలేదేం?"

"నలుగురూ చూస్తారు కదమ్మా..."

"చూడనీ. దాచింది చాలు, రాయి."

లోవరాజు కలం పట్టుకుని గురువుగారి వైపు చూశాడు.

ఆచారిగారు గడియారం కింద పెట్టి, కళ్ళజోడు సవరించుకుని దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"అక్షరాలు పెద్దవిగా రాయి," అన్నారు.