వాకిలి ఉండాల్సిన చోట

నిషిగోరి తన గురువుగారిని వెతుక్కుంటూ స్టూడియో క్యాంటీన్‌కి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గురువుగారు ఇవాకురా ఒక మూల కూర్చుని తాపీగా నూడుల్స్ తింటున్నారు. క్యోటోలో సినిమాలు తీసేవాళ్ళందరికీ ఆయన పెద్దదిక్కు. నిషిగోరి ఆయన దగ్గర అసిస్టెంటుగా చేరి, క్లాప్ కొట్టి, టీలు మోసి, తిట్లు తిని, జుట్టు పలచబడ్డాక ఇప్పటికి డైరెక్టరయ్యాడు. ఇది అతని మొదటి సినిమా.

డైరెక్టరు కుర్చీ ఎక్కితే ఎవరికైనా మెడ కాస్త బిగుస్తుంది. మనవాడికి బాగానే బిగిసింది. ఇవాళ మాత్రం పాపం, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గురువుగారూ, హత్సుయెగారిని తీసేద్దామనుకుంటున్నానండీ. మీతో ఒక్కమాట చెప్పి..."

ఇవాకురా నమలడం ఆపలేదు.

హత్సుయె మూగసినిమాల రోజుల్లో ఒక వెలుగు వెలిగిన నటి. సినిమాలకి మాటలొచ్చాక ఆమెను అందరూ మర్చిపోయారు. ఇన్నాళ్ళకి ఈ వేషం ఇప్పించింది ఇవాకురానే. ఇదీ పోతే ఆమెను మళ్ళీ పిలిచేవాడుండడు. ఆ సంగతి స్టూడియోలో అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు.

"ఏం, మాటలు మర్చిపోతోందా?" అన్నారు ఇవాకురా.

"అసలు మాటలే లేవండీ! యుద్ధానికెళ్ళిన మొగుడు, పోయాడనుకున్నవాడు, ఏళ్ళ తర్వాత వాకిట్లోకొచ్చి నిలబడతాడు. ఆవిడ తలెత్తి చూడాలి. అంతే! పొద్దుట్నుంచి టేకుల మీద టేకులు. మొగుణ్ణి చూసినట్టు లేదు, పోలీసుని చూసినట్టుంది."

"నువ్వేం చెప్పావు?"

"సంతోషపడమన్నాను. ఎన్ని రకాలుగా చెప్పాలో అన్ని రకాలుగా చెప్పాను. సాయంత్రంలోగా షాటు తేలకపోతే ఆవిడనో నన్నో మార్చేస్తామంటున్నారు కంపెనీవాళ్ళు. ఈ రోజు కోసం ఎంత పడిగాపులు కాశానో మీకు తెలియనిది కాదు."

గురువుగారు గిన్నె ఎత్తి అడుగున మిగిలిన పులుసు కూడా తాగేసి, మూతి తుడుచుకుని లేచారు.

"పద, చూద్దాం."

సెట్టులో చెక్క ఇల్లు వేశారు. కెమెరా పెట్టుకోడానికి వీలుగా ఒకవైపు గోడా వాకిలీ కట్టకుండా వదిలేశారు. చాప పరిచిన గదిలో హత్సుయె మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఇవాకురాని చూడగానే నుదురు నేలకి ఆనించి నమస్కారం పెట్టింది. తలెత్తినప్పుడు ఆయన కళ్ళలోకి చూడలేకపోయింది.

నిషిగోరి కుర్చీ కెమెరా పక్కనే, సరిగ్గా వాకిలి ఉండాల్సిన చోట వేసి ఉంది. ఆమె మొహం అక్కణ్ణుంచి బాగా కనిపిస్తుందని అతనే వేయించుకున్నాడు. ఈ షాటులో మొగుడు ఎలాగూ కనిపించడు కదా అని, ఆ వేషం వేసేవాణ్ణి పొద్దున్నే ఇంటికి పంపేశాడు.

ఇవాకురా అన్నీ ఒకసారి కలయజూశారు.

"అమ్మా, నువ్వు కాసేపిటొచ్చి కాళ్ళు చాపుకో," అన్నారు హత్సుయెతో. తర్వాత శిష్యుడివైపు తిరిగారు. "నువ్వెళ్ళి ఆవిడ చోట్లో కూర్చో."

"నేనా?"

"నువ్వే."

లైట్లు సరిచూసుకునేటప్పుడు నటుల చోట్లో అసిస్టెంటు కూర్చోవడం అక్కడ మామూలే. నిషిగోరి అలా ఎన్నిసార్లు కూర్చున్నాడో లెక్కలేదు. లైట్లు చూస్తారు కాబోలనుకుని చెప్పులు విప్పి, చాప మీదికెక్కి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. లైట్లు వెలిగాయి. ఒళ్ళు చురుక్కుమంది.

గురువుగారు వెళ్ళి అతని కుర్చీలో చతికిలబడ్డారు. కాలు మీద కాలు వేశారు. అక్కడున్న అతని స్టాప్‌వాచ్ చేతిలోకి తీసుకుని కనుబొమలు ముడిచారు.

"కానియ్. నీ మొగుడొచ్చాడు. తలెత్తు."

లైట్లబ్బాయిలు కిసుక్కుమన్నారు. నిషిగోరి కూడా నవ్వబోయాడు. గురువుగారు నవ్వడం లేదు. సరే, చెయ్యకపోతే వదిలేలా లేరని తల దించుకుని, మెల్లిగా ఎత్తాడు.

వాకిలి లేదు. మొగుడూ లేడు. అక్కడొక కుర్చీ, కుర్చీలో ఒక చిరాకు మొహం, చేతిలో గడియారం.

"బాగాలేదు. మళ్ళీ. సంతోషపడు."

మళ్ళీ తలెత్తాడు. అదే మొహం.

"సంతోషపడమంటే అర్థం కాదా? ఎన్నిసార్లు చెప్పాలి? ఫిలిం ఏమన్నా ఊరికే వస్తోందా?"

పొద్దున్న తన నోట్లోంచి వచ్చిన మాటలే అవి, గురువుగారు పక్కనుండి విన్నట్టే, అక్షరం పొల్లు పోకుండా. నిషిగోరి చెవులు ఎర్రబడ్డాయి. మూడోసారి తలెత్తబోతే మెడ మాట వినలేదు. ఎక్కడ చూడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. లైట్లబ్బాయిలు నవ్వడం మానేశారు. అతనికి సిగ్గుతో ఏడుపొచ్చినంత పనైంది.

పక్క నుంచి హత్సుయె వచ్చింది. ఆమె మొహంలో ఎగతాళి లేదు.

"కాళ్ళు తిమ్మిరెక్కాయా బాబూ?" అని చెయ్యి అందించింది.

అతను ఆ చెయ్యి పట్టుకుని లేచాడు. ఆమెకి నమస్కారంగా నడుం వంచి, వంచినవాడు చాలాసేపు అలాగే ఉండిపోయాడు. "అయ్యో, చాల్లే బాబూ," అంటూ ఆమే కంగారుపడింది.

ఇవాకురా అప్పటికే కుర్చీ ఖాళీ చేసి తలుపుదాకా వెళ్ళిపోయారు.

నిషిగోరి కుర్చీని తనే మోసుకెళ్ళి దూరంగా గోడకి ఆనించాడు. స్టాప్‌వాచ్ అసిస్టెంటు చేతిలో పెట్టాడు. మొగుడి వేషానికని తెచ్చిన చిరుగుల సిపాయి కోటు కొక్కేనికి వేలాడుతోంది. అది తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుని, వచ్చి ఆ ఖాళీ చోట్లో నిలబడ్డాడు. హత్సుయె చాప మీద సర్దుకుని కూర్చుంది. అతను కెమెరామన్‌కి తలూపాడు.

ఆమె తలెత్తింది.

సాయంత్రం గేటు దగ్గర గురువుగారు ట్రాం కోసం నిలబడి ఉంటే నిషిగోరి పరుగెత్తుకొచ్చాడు. ఒంటిమీద ఇంకా ఆ కోటే ఉంది.

"షాటు అయిపోయిందండీ!"

"ఎలా చేసింది?"

నిషిగోరి తల దించుకున్నాడు. "సరిగ్గా చూడలేకపోయానండీ. కళ్ళనిండా నీళ్ళు."

"అయితే బాగానే చేసి ఉంటుందిలే," అని ఇవాకురా ట్రాం ఎక్కేశారు.